ఈసారి క్రిస్మస్ డబ్బాలో స్పైస్డ్ బీఫ్ ఉండదు

క్రిస్మస్ భోజనానికి ముందే ఆర్డర్ ఇచ్చిన అందరికీ నమస్కారం. నాన్చకుండా చెప్పేస్తాను. ఈ ఏడాది డబ్బాలో టర్కీ, హామ్, బంగాళాదుంప స్టఫింగ్, బ్రెడ్ సాస్, బ్రసెల్స్ స్ప్రౌట్స్, పుడ్డింగ్ అన్నీ మామూలే. స్పైస్డ్ బీఫ్, అంటే మసాలాలో ఊరబెట్టిన బీఫ్, ఒక్కటే లేదు. బీఫ్ ముట్టని ఇళ్ళకి ఏ మార్పూ లేదు, వాళ్ళకి ఎప్పటిలాగే దాని బదులు హామ్ ఎక్కువ వస్తుంది. వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను. మిగతావాళ్ళకి మాత్రం కారణం చెప్పాలి. మీలో కొందరు నా దగ్గర ఆర్డర్ పెట్టేదే దానికోసమని నాకు తెలుసు.

మన కార్క్ ఊరికి ఈమధ్యే వచ్చినవాళ్ళకి ఇదేం గొడవో అర్థం కాకపోవచ్చు. ఐర్లండ్ అంతటా క్రిస్మస్ అంటే టర్కీ, హామ్. కార్క్‌లో వాటి పక్కన ఇది కూడా ఉండాలి. 18వ శతాబ్దంలో ఈ రేవు నుంచి ఉప్పు బీఫ్ పీపాలకు పీపాలు బ్రిటిష్ నౌకాదళానికి, కరీబియన్ దీవులకి వెళ్ళేవి. ఉప్పు వేసి మాంసం నిలవ చేయడం ఈ ఊరివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. రేవులో దిగే మసాలాలు దానికి తోడయ్యాయి. ఉప్పు, బ్రౌన్ షుగర్, కొద్దిగా సురేకారం, మిరియాలు, లవంగాలు, జాపత్రి, దాల్చినచెక్క, ఆల్‌స్పైస్, జునిపర్ కాయలు. మసాలాల్లో చివరి రెండూ తీసేస్తే మన పోపులపెట్టెలో లేనిదేముంది? మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు ఎవరింట్లోనో బిర్యానీ అవుతోందనుకున్నాను.

దీనికి కావలసింది మంచి ముక్క, ఓపిక. పెద్ద సిల్వర్‌సైడ్ (వెనక తొడ మాంసం) ముక్కకి మసాలా పట్టించి, చలిలో ఉంచి, రోజూ తిప్పుతూ, ఊరిన నీటిలోనే మళ్ళీ రుద్దుతూ మూడు వారాలు పెట్టాలి. ఆవకాయని ఎలా తొందరపెట్టలేమో దీన్నీ అంతే.

మాంసం నవంబర్ చివర్లో రావాలి. ఏటా ఇచ్చే మనిషే, సెప్టెంబర్‌లోనే మాట తీసుకున్నాను, బయానా కూడా ఇచ్చాను. రోజు గడిచింది, రాలేదు. ఫోన్ చేస్తే రేపన్నాడు. మర్నాడు చేస్తే సోమవారం అన్నాడు. సోమవారం వ్యాన్ వచ్చింది కానీ అందులో ఉన్నవి చెయ్యంత లేని ముక్కలు, కూరకి తరిగి మిగిల్చినట్టు. అసలు ముక్కలన్నీ ఒక హోటల్‌కి వెళ్ళాయట. పెద్ద ఆర్డర్ వచ్చింది, కాదనలేకపోయాడట. వ్యాపారంలో అలాంటివి జరుగుతాయి, నేనూ వ్యాపారమే చేస్తున్నాను, అంతవరకు సరిపెట్టుకునేదాన్నే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. సూదులతో ఉప్పునీళ్ళు ఎక్కించిన ప్యాకెట్ సరుకు రెండు రోజుల్లో పంపిస్తాననీ, పైన నా మసాలా రుద్దేసుకొమ్మనీ సలహా ఇచ్చాడు. "మీవాళ్ళు ఎలాగూ కారం చల్లుకునే తింటారుగా, తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

మీవాళ్ళు అంటే మీరే. ఆ మాట ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలనే అనిపించింది.

కోపంలో తీసుకున్న నిర్ణయం అని మా ఆయన అంటున్నారు. కొంత నిజమే. కానీ కోపం చల్లారాక కూడా లెక్కలు వేసుకున్నాను. ఇచ్చిన డబ్బా పేరు చెడగొట్టకుండా ఏదో ఒకటి పెట్టాలి కదా. ఒక ప్యాకెట్ ముక్క వేరే చోట కొని వండి చూశాను. కుండలో నీళ్ళు వదిలి బాగా కుంచించుకుపోయింది, అంటే తూకంలో మనం కొన్నదాంట్లో కొంత ఉప్పునీళ్ళే అన్నమాట. రుచి మాత్రం, నిజం చెప్పాలంటే, మరీ తీసిపారేసేలా లేదు. పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. మా ఆయనేమో "బాగానే ఉంది, ఇచ్చేయ్" అన్నారు. రాత్రంతా ఆ "బాగానే ఉంది" దగ్గరే ఆగిపోయాను. నాకు ఈ వంట నేర్పిన మా పక్కింటి పెద్దావిడకి ఏటా ఒక ముక్క వెళ్తుంది. కోసి ముందు రంగు చూస్తుంది, తర్వాతే నోట్లో పెడుతుంది. ఆవిడ చేతికి ఆ ప్యాకెట్ ముక్క ఇవ్వలేను. ఆవిడకి ఇవ్వలేనిది మీకు ఇచ్చి డబ్బులు తీసుకోనూ లేను. దీన్ని పంతం అనుకుంటే అనుకోండి.

వేరే మనిషి దగ్గర మంచి సిల్వర్‌సైడ్ దొరికింది, రేటు ఎక్కువైనా. ఈ వారమే ఉప్పులో పడింది. క్రిస్మస్‌కి అందదు. జనవరి 6కి అందుతుంది. కార్క్‌లో, పక్కనున్న కెర్రీ కౌంటీలో ఆ రోజు ఆడవాళ్ళ క్రిస్మస్. పండగంతా వంటింట్లో నడుం విరిగేలా చేసినవాళ్ళు ఆ రోజు స్నేహితురాళ్ళతో బయటికి వెళ్తారు, ఇంటిపని మగవాళ్ళది. చల్లగా, పల్చగా కోసిన స్పైస్డ్ బీఫ్, వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్ ఆ రోజుకి ఏం తక్కువ?

బీఫ్ ఆర్డర్ పెట్టినవాళ్ళకి రెండు దారులు. జనవరి 6కి మార్చుకోవచ్చు, పెరిగిన రేటు మీ మీద వెయ్యను. లేదా ఆ భాగం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, కారణం అడగను. క్రిస్మస్‌కే కావాలంటే ఊళ్ళోని ఇంగ్లిష్ మార్కెట్‌లో ఊరబెట్టినది పచ్చిది అమ్ముతారు. ఎన్నాళ్ళు ఊరిందో అడిగి కొనండి. కిలోన్నర ముక్కని నీళ్ళలో మునిగేలా పెట్టి, తెర్లనివ్వకుండా చిన్న మంట మీద రెండున్నర గంటలు ఉడికించండి. ఆ నీళ్ళలోనే ఆరనిచ్చి, పైన బరువు పెట్టి, మర్నాడు కోయండి. మధ్యదాకా ఒకే ఎరుపు ఉండాలి. నడిమధ్య బూడిదరంగు కనిపిస్తే ఉప్పు అక్కడిదాకా పోలేదన్నట్టే.

టర్కీ డబ్బాలు 23, 24 తేదీల్లో ఎప్పటి వేళకే. జనవరి 6న వంటగది తలుపు దగ్గర మా ఆయన ఉంటారు. ఆ రోజు నాకు సెలవు. పేరు చెప్తే ప్యాకెట్ ఇస్తారు. రేట్ల గురించి మాత్రం ఆయన్ని అడక్కండి, ఏదో ఒకటి చెప్పేస్తారు.