అటక గదికి లెక్క వేయకుండా పెట్టిన 2 టన్నుల ఏసీ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా ఇంటి వాలు కప్పు కింద ఉన్న అటకను ఈమధ్యే గదిగా మార్చుకున్నాం. మీ కంపెనీ మనిషి చెప్పిన మీదటే అందులో 2 టన్నుల ఏసీ పెట్టించాం. గది చల్లబడుతోంది, కాదనను. కానీ ఉక్క పోవడం లేదు.

ఆన్ చేసిన ఐదారు నిమిషాలకే కంప్రెసర్ ఆగిపోతుంది. కాసేపటికి మొదలై మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే వరస. 24 డిగ్రీలున్నప్పుడు కూడా తేమ మీటర్ 70 శాతం దాటి చూపిస్తోంది. దుప్పట్లు చెమ్మగా తగులుతున్నాయి. ఆ గదిలో పడుకునేది మా అమ్మాయి, తనకు ఉబ్బసం ఉంది. గోడలకు బూజు పడుతుందేమోనని మాకు రోజూ టెన్షనే. ఫోన్ చేస్తే టెంపరేచర్ ఇంకా తగ్గించమన్నారు. తగ్గిస్తే చలి పెరిగింది, చెమ్మ అలాగే ఉంది.

మెషీన్ చెడిపోయిందని నేను అనడం లేదు. సైజు తేల్చిన పద్ధతే తప్పు. వచ్చినతను టేపుతో నేల పొడవు, వెడల్పు కొలిచి 400 చదరపు అడుగులని రాసుకున్నాడు. కప్పు కింద గది కాబట్టి ఒక సైజు పెద్దదే మంచిదన్నాడు. తలెత్తి పైకి చూడలేదు. అటక గదిలో చూడాల్సిందంతా పైనే కదా! వాసాల మధ్య వేడిని ఆపే 6 అంగుళాల ఇన్సులేషన్ అప్పటికే నింపించామని చెప్పినా రాసుకోలేదు. అది లేకపోతే పెద్ద ఏసీ అవసరమయ్యేదేమో. వాలు వల్ల అంచుల్లో ఎత్తు నాలుగడుగులే. పడమటి వాలులో ఉన్న అద్దాల కిటికీ ఎంతుందో, దానికి బయట తెర ఉందో లేదో అడగలేదు. గదిలో ఎంతమంది ఉంటారనీ అడగలేదు.

1 టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడిని, అంటే సుమారు 3.5 కిలోవాట్లను బయటికి పంపగలదు. మాకు దానికి రెట్టింపు పెట్టారు. అందుకే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ వెంటనే ఆగిపోతోంది. తేమ పోవాలంటే చల్లటి కాయిల్ మీదుగా గాలి ఆగకుండా చాలాసేపు నడవాలి, అప్పుడే నీళ్లు చుక్కలుగా చేరి పైపులోంచి బయటికి పోతాయి. ఐదు నిమిషాలకే ఆగిపోతే కాయిల్ మీది తడి ఫ్యాన్ గాలితో మళ్లీ గదిలోకే వస్తుంది.

మీ సర్వీస్ సెంటర్ వాళ్లు డీహ్యూమిడిఫైయర్ (గాలిలోని తేమ లాగే మెషీన్) కొనుక్కోమన్నారు. దానికి నేను ఒప్పుకోను. అది గదిలోకి ఇంకాస్త వేడి వదులుతుంది, పైగా మీ పొరపాటుకు ఖర్చు మాది అవుతుంది.

లెక్క తెలిసిన ఇంజనీరును పంపి కప్పు, ఇన్సులేషన్ మందం, అద్దాల దిక్కు, గాలి చొరబడే సందులు అన్నీ చూసి వేడి భారం, అంటే ఏసీ బయటికి పంపాల్సిన వేడి ఎంతో లెక్క కట్టించండి. ఆ కాగితం మాకూ ఇవ్వండి. ఏసీ పెద్దదని తేలితే వెనక్కి తీసుకుని, సరిపడా ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకుని నడిచేది) మీ ఖర్చుతో బిగించండి. దాని కనిష్ఠ సామర్థ్యం కూడా మా గదికి సరిపోతుందో లేదో ముందే చూడండి, అది ఎక్కువైతే మళ్లీ ఇదే బాధ.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. బిల్లు కాపీ, పది రోజుల తేమ రీడింగులు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు