శేషాచలం అంటే ఎర్రచందనం దుంగలేనా?

ఆంధ్రప్రదేశ్ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతిలో పుట్టి, ఈ చుట్టుపక్కల సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ల పైచిలుకు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పోయిన వేసవి సెలవులకు మనవడు హైదరాబాద్ నుంచి వస్తే మామండూరు అడవికి తీసుకెళ్లాను. దిగగానే వాడి మొదటి ప్రశ్న: "తాతా, ఎర్రచందనం చెట్టు ఏది?" దుంగ ఎట్లా ఉంటుందో వాడికి బాగా తెలుసు, సినిమాల పుణ్యమా అని. చెట్టును మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూపించాను. మొసలి చర్మంలా పగిలిన నల్లటి బెరడు, కాడకు మూడేసి గుండ్రటి ఆకులు. "ఇంతేనా?" అన్నాడు.

ఆ పక్కనున్న చెట్టు పేరేమిటని వాడు అడగలేదు. వాణ్ని అనడమెందుకు, పెద్దవాళ్లం మనమూ అడగం. ఈ ఉత్తరం ఆ పక్క చెట్ల గురించి.

ముందే ఒక మాట. ఎర్రచందనాన్ని నేను తక్కువ చేయడం లేదు. తూర్పు కనుమల దక్షిణ కొసలో, మన కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది దానంతటది అడవిగా పెరగదు. అరుదైన మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యానికి, చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కి మన కొయ్యే కావాలి. మా అమ్మ కొలువులో పెట్టే తిరుపతి బొమ్మల జంట కూడా ఈ కొయ్యదే. దాని కోసం మన కొండలు నెత్తురు కూడా చూశాయి. 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ చెట్టుకు కాపలా కావాలి, ఉండాలి.

కానీ సార్, కాపలా అంతా దుంగ చుట్టూనే తిరుగుతోంది. టాస్క్‌ఫోర్సు, చెక్‌పోస్టులు, బేస్ క్యాంపులు, డ్రోన్లు, అన్నీ లారీలో దుంగ కోసం వెతికేవే. నేను చూసినంతలో, లారీ ఆపి టార్పాలిన్ ఎత్తి చూస్తారు. గోనెసంచిలో వేర్లో, కాయలో, బంకో వేసుకుని బస్సెక్కినవాణ్ని ఇదెక్కడిదని అడిగినవాళ్లను నేనైతే చూడలేదు.

శేషాచలాన్ని 2010 సెప్టెంబరులో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పాత చిత్తూరు, కడప జిల్లాల్లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. మన రాష్ట్రానికి అదే మొదటిది. దాని నడుమ శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్లు. ఇంత భూమికి ఆ హోదా దక్కడంలో ఇక్కడి మొక్కల వంతు పెద్దది. ఆ మొక్కల్లో కొన్నింటిని పరిచయం చేయనివ్వండి. మీరు కొండకు వచ్చినప్పుడు ఘాట్ రోడ్డు పక్కన అవి మీ కారు అద్దంలోంచి కనిపించే ఉంటాయి.

మొదట పేరీత. శాస్త్రవేత్తలు సైకస్ బెడోమీ అంటారు. చూడ్డానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది, ఈతకూ దీనికీ చుట్టరికం లేదు. దీని వంశం డైనోసార్ల కంటే పాతది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొక్కల కోసం ఆరో షెడ్యూలు చేర్చినప్పుడు దేశం మొత్తం మీద ఆరంటే ఆరు పేర్లు రాశారు. అందులో ఒకటి మన పేరీత. సైటిస్‌లో అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలోనూ ఉంది, అంటే పులితో సమానంగా. ఎర్రచందనం ఉన్నది రెండో అనుబంధంలో. ఈ ముక్క చెబితే మా స్టాఫ్ రూమ్‌లో సైన్సు టీచర్లే నమ్మలేదు.

పేరీతలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు నడినెత్తిన పెద్ద మొక్కజొన్న పొత్తులాంటి శంకువు వస్తుంది. దాన్ని మందుల కోసం కోసుకుపోతారు. మదనమస్తు పేరుతో అమ్ముడయ్యే సరుకు ఇలాంటిదే. కోసినవాడు చెట్టును నరకలేదు కదా, నష్టమేముందని అనిపిస్తుంది. నష్టం అక్కడే ఉంది. పుప్పొడి మొత్తం ఆ శంకువులోనే ఉంటుంది. అది సంచిలోకి పోతే ఆ ఏడు చుట్టుపక్కల ఆడ చెట్లకు గింజ కట్టదు. కొండ మీద చెట్లన్నీ నిలబడే ఉంటాయి, పచ్చగానే కనిపిస్తాయి. పిల్ల మొక్క మాత్రం ఉండదు. నరికితే మోడు మిగులుతుంది, కేసు రాస్తారు. గింజ కట్టని చెట్టుకు పంచనామా ఎవరు రాస్తారు?

దీనికి తోడు మంటలు. ఫిబ్రవరి దాటితే కొండ మీద బోదగడ్డి ఎండి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల పక్క కొండలు తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు మోసుకొచ్చి పోయాల్సి వచ్చింది. మేడ మీద నిలబడి ఆ పొగను చూశాం. ముసలి పేరీత కాండం మంటను తట్టుకుని వానలకు మళ్లీ చిగురేస్తుంది. అందుకే "ఏం కాలేదు, మళ్లీ పచ్చబడింది" అంటారు. నేల మీద జానెడు మొలక తట్టుకోలేదు. ఏటా మంట పెడితే ముసలివాళ్లు మాత్రమే మిగిలిన పల్లెలా అవుతుంది అడవి.

కొండ సాంబ్రాణి చెట్టుది ఇంకో బాధ. బెరడు కాగితాల్లా ఊడుతుంటుంది, ఎండాకాలంలో ఆకు ఒక్కటి ఉండదు. మన దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేదు. బంక కోసం కత్తిగాట్లు పెడతారు. గాటు మానేదాకా ఆగితే చెట్టు బతుకుతుంది, మానకముందే పక్కన ఇంకొకటి పెడితే నీరసించి పోతుంది. తెల్లకరక, తంబ చెట్లు, ఇంకా తన శాస్త్రీయ నామంలోనే తిరుపతి పేరు మోసే అడవి కొత్తిమీర, అన్నీ ఈ కొండల సొంత బిడ్డలే. తిరుమల ఘాట్ రోడ్డులో రెండు రాతి పొరలు కలిసే చోటుకు జాతీయ భూగర్భ స్మారకమని హోదా ఇచ్చి, అక్కడ బోర్డు కూడా పెట్టారు. సంతోషమే. రాయికి బోర్డు ఉంది, దాని మీద మొలిచిన చెట్టుకు లేదు.

ఇక మారేడు గడ్డలు. ఇవి బిల్వపత్రాల మారేడు చెట్టువి కావు, ఒక అడవి తీగ వేర్లు. ఎండాకాలం రాయలసీమలో ఎవరింటికి వెళ్లినా నన్నారి షర్బత్తు ఇస్తారు. అసలు నన్నారి సుగంధిపాల వేరు. మనం తాగే షర్బత్తులో చాలామటుకు ఉండేది మారేడు గడ్డ. మా చిత్తూరు వైపు తమిళ ఇళ్లలో దీన్నే మాగాళి ఊరగాయ పెడతారు. ఆ వాసన ఎంత బాగుంటుందో తినని వాళ్లకు చెప్పలేను, నల్లిపురుగు వాసనని ముక్కు మూసుకునేవాళ్లూ ఉన్నారు లెండి. ఈ తీగ వేర్లను కొండల్లోంచి తవ్వి తెచ్చేది యానాదులు.

తలకోన వైపు ఒక యానాది పెద్దాయనతో మాట్లాడాను. "ముందర మేము వేర్లన్నీ తీసేది లేదు సార్. రెండు తీసి రెండు వదిలి మట్టి కప్పేసే వాళ్లం. మళ్లా రెండేండ్లకు అదే తీగ కాడికి పోయేది. ఇప్పుడు షావుకారు ముందే డబ్బిచ్చి తూకానికి కొంటాడు. నేను వదిలితే ఇంకొకడు తవ్వేస్తాడు" అన్నాడు. ఆయన చెప్పిన ఆ రెండు తీసి రెండు వదలడంలో అడవిని నిలబెట్టే పద్ధతంతా ఉంది. అభయారణ్యంలో వేరు తవ్వితే చట్టప్రకారం నేరం. పట్టుబడితే ఆయనే పట్టుబడతాడు, షావుకారు కాదు. నేరమంటూ ఆయన్ను తరిమితే తవ్వకం ఆగదు, రాత్రిపూట జరుగుతుంది. రాత్రి తవ్వేవాడు మట్టి కప్పి రాడు.

నేను మిమ్మల్ని అడిగేదాంట్లో పెద్దది ఇక్కడే ఉంది. అభయారణ్యం, జాతీయ ఉద్యానవనం వెలుపలి అడవిలోనైనా యానాది కుటుంబాలకు అటవీ హక్కుల చట్టం కింద చిన్నతరహా అటవీ ఉత్పత్తుల హక్కు సక్రమంగా ఇప్పించండి. ఏ కొండలో ఏ ఏడు తవ్వాలి, ఏది వదలాలి అన్న లెక్క వాళ్లతోనే రాయించండి. పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలున్నాయి, రిజిస్టర్లున్నాయి, కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ రిజిస్టర్‌లో ఆ పెద్దాయన మాట ఎక్కాలి. మారేడును పొలం గట్ల మీద పెంచే వీలుంది. షర్బత్తు వ్యాపారులను వాటి దగ్గర కొనేట్టు చేస్తే కొండకు ఊపిరాడుతుంది.

ఇప్పుడు నర్సరీ సంగతి. రెండేళ్ల కిందట నేను చివరగా పనిచేసిన బడిలో మొక్కలు నాటుదామని పిల్లలు ఉత్సాహపడితే ఒక నర్సరీకి వెళ్లాను. ఎవరిదో ఎందుకు, చాలాచోట్ల ఇదే కథ. "మొగి మొక్కలు పది, తెల్లకరక పది కావాలి" అన్నాను. అక్కడి కుర్రాడు నా మొహం చూసి, "మొగా? అదేం మొక్క సార్?" అన్నాడు. మొగి నేరేడుకు దగ్గరి చుట్టం. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలే దాని ఇల్లు. నల్లటి పండ్లు వేసవి చివర్లో వస్తాయి, చిన్నప్పుడు నాలుక ఊదారంగు అయ్యేదాకా తినేవాళ్లం. కొండ కింద నర్సరీలో పనిచేసేవాడికి కొండ మీది పండు పేరు తెలియదు. విదేశీ మొక్క కోనోకార్పస్ మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఇస్తానన్నాడు. ఆ మొక్క వద్దు, ఈ నేల మొక్కలే నాటండని ప్రభుత్వమే చెబుతున్న రోజుల్లో! చివరికి కానుగలు ఇచ్చి పంపాడు. కానుగ మంచిదే, కాదనను.

తిరుమల మీద కూడా ఎప్పుడో వేసిన అకేషియా తోటలు ఉన్నాయి. పచ్చగా ఉంటాయి, త్వరగా ఎదుగుతాయి. కింద రాలిన ఆకు మందంగా పరుచుకుంటుంది, దాంట్లోంచి ఇంకో మొక్క తల ఎత్తడం కష్టం. వాటి చోట స్థానిక జాతులు పెంచాలన్న మాట కొంతకాలంగా వింటున్నాను. ఆ అడవి దేవస్థానానిదైనా మొక్క ఎక్కణ్నుంచి రావాలన్నది మీ శాఖ తేల్చాల్సిన విషయం. స్థానిక జాతులంటే వేప, రావి, మర్రి అనుకుంటారేమోనని నా భయం. అవి ఊరి చెట్లు. ఈ రాతి కొండకు సొంత చెట్లు వేరే ఉన్నాయి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ఎర్రచందనం వేలాల మీద వచ్చిన వాటాలోంచి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రానికి కోట్ల రూపాయలు విడుదల చేసింది. అది ఎర్రచందనం పరిరక్షణకే అంటారు. సరే, ఎర్రచందనం ఒంటరిగా బతుకుతుందా? దాని పక్కన తెల్లకరక, కింద బోదగడ్డి, గాలి, మంట అన్నీ కలిసే ఉంటాయి. ఒక కొండకు మంట అంటుకోకుండా ఆపితే ఎర్రచందనం మొలకా బతుకుతుంది, పేరీత మొలకా బతుకుతుంది. కాబట్టి జనవరిలోనే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసిన బాటలు, కొట్టించండి. ఫైర్ వాచర్లను మంటల సీజన్‌కు మాత్రమే కాక ఏడాది పొడుగునా పనిలో ఉంచి, కూలి నెలనెలా ఇప్పించండి. వాళ్లే వానాకాలంలో గింజలు ఏరుతారు, ఏ వాగు పక్కన ఎన్ని పేరీత పిల్లలున్నాయో రాసుకుంటారు. చెక్‌పోస్టు సిబ్బందికి దుంగతో పాటు శంకువునూ, బంకనూ, వేరునూ గుర్తుపట్టడం ఒక్కరోజు శిక్షణలో నేర్పొచ్చు. పిలిస్తే నేనే వచ్చి చెబుతాను, టీఏ కూడా అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం వెంటనే చేయాల్సింది ఉంది. కొండ కింద ఒక్క నర్సరీని మొగి, తెల్లకరక, తంబ, కొండ సాంబ్రాణి మొక్కలకే కేటాయించండి. ఫైలు తిరిగేలోపు సీజన్ దాటిపోతుందన్నదే నా టెన్షన్. మొగి పండ్లు జూన్‌లో దొరుకుతాయి. నేరేడు గింజలాగే మొగి గింజ కూడా ఎండబెట్టి దాచుకుంటే పనికిరాదు, పండు తిన్న వెంటనే మట్టిలో పడాలి. అందుకని సంచుల్లో మట్టి మే నెలాఖరుకే నింపి పెట్టించండి. గింజలు నేను, మా బడి పిల్లలు తెచ్చి ఇస్తాం. కొండలోకి పోవడానికి అనుమతి కాగితం ఒక్కటి మీ శాఖ ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు,
తిరుపతి