నాన్నా, ఆదివారం మీరే అప్పజెప్పించుకోవాలి

నాన్నకు, అమ్మకు నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. ఈ ఉత్తరం నిండా చిన్నోడి బడి కబుర్లే. అందులోనూ సగం ఎక్కాలే.

ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ ఫోర్ పిల్లలకు, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు, జూన్‌లో ఎక్కాల పరీక్ష పెడతారు. 2022 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇది తప్పనిసరి. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి 25 లెక్కలు వస్తాయి. ఒక్కోదానికి 6 సెకన్లే టైం, మధ్యలో 3 సెకన్లు ఆగుతుంది. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా ఏదైనా అడగొచ్చు. పాస్, ఫెయిల్ అంటూ ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను తప్పు చేశాను నాన్నా.

పోయిన నెల ఫోన్‌లో టైమర్ పెట్టి వాణ్ని కూర్చోబెట్టాను. ఏడెనిమిదులు ఎంత అన్నాను. వాడికి తెలుసు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఐదు నొక్కి, ఆరు కోసం వేలు వెతుక్కుంటుండగానే టైం అయిపోయింది. నాలుగోసారీ అలాగే అయ్యేసరికి "నాకు లెక్కలు రావమ్మా" అని ఏడ్చేశాడు. వచ్చినవాడి చేత రావని అనిపించాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు టైమర్ జోలికి పోలేదు. పెద్ద కాగితం మీద రెండు నుంచి పన్నెండు దాకా అడ్డంగా పదకొండు, నిలువుగా పదకొండు, మొత్తం 121 గళ్లు గీశాం. ఏడెనిమిదులు యాభై ఆరయితే ఎనిమిదేళ్లూ యాభై ఆరే కదా అని, అలా రెండేసి సార్లు వచ్చేవి కొట్టేస్తే 66 మిగిలాయి. రెండు, ఐదు, పది, పదకొండు ఎక్కాలు వాడికి ఎప్పుడో నోటికి వచ్చేశాయి. అవీ తీసేస్తే 28. వాడు ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టి, "ఇవేనా, ఇంతేనా?" అన్నాడు. ఇప్పుడు రోజుకు రెండు చొప్పున రంగు వేసుకుంటున్నాడు.

బడి నుంచి శుక్రవారం శుక్రవారం కబుర్ల కాగితం వస్తుంది. పిల్లల చేత ఎక్కాలు చెప్పించడానికి పెద్దవాళ్లు ఎవరైనా రాగలరా అని అందులో అడిగితే నేను పేరిచ్చాను. మంగళవారం పొద్దున వెళ్తున్నాను. అక్కడ ఒక పాపను ఆరేళ్లు ఎంత అని అడిగితే వెంటనే చెప్పలేదు. చేతులు బల్ల కింద పెట్టుకుని, "ఆరార్లు ముప్పై ఆరు, ఇంకో ఆరు..." అని తనలో తాను అనుకుని నలభై రెండు అంది. ఆరు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఆ పాపకు ఎక్కం రాదని నేనెలా అనగలను? దారి తెలిసిన పిల్ల అది. వేగం దానంతటదే వస్తుంది.

ఇంకొకటి గమనించాను. ఇంగ్లీషులో అప్పజెప్పేటప్పుడు మనవాడు సిక్స్‌టీన్, సిక్స్‌టీ కలిపేస్తాడు. ఎనిమిది రెళ్లు సిక్స్‌టీ అంటాడు. అదే తెలుగులో అడిగితే తడుముకోకుండా పదహారు అంటాడు. పదహారుకీ అరవైకీ పోలికే లేదు మరి. మీరు ఫోన్‌లో నేర్పిన "రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" వరస స్నానం చేస్తూ కూడా పాడుకుంటున్నాడు. అది విన్నప్పుడల్లా మీ గొంతే వినిపిస్తుంది నాన్నా.

అందుకే ఈ ఆదివారం ఫోన్‌లో ఏడో ఎక్కం మీరే అప్పజెప్పించుకోండి. వాడు ఆగితే "ఊఁ, చెప్పు" అనకండి, కాసేపు ఊరుకోండి. ఏడార్లు దగ్గర తప్పకుండా ఆగుతాడు. ఏడైదులు ముప్పై ఐదు వాడికి గట్టిగా వచ్చు, అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటాడు. అమ్మను కూడా పక్కనే కూర్చోమనండి, ఆవిడ వింటుంటే వాడికి హుషారు.

ఉంటాను.

మీ అమ్మాయి