సీలు విప్పితే వాపసు లేదట, విప్పకుండా తెలిసేదెలా?

సంపాదకులకు నమస్కారం.

ఆడియో కేసెట్లు తయారుచేసే కర్మాగారంలో ఇరవై రెండేళ్లు ప్యాకింగ్ విభాగం చూశాను. ఇప్పుడు ఆ కేసెట్లూ లేవు, ఆ కర్మాగారమూ లేదు. అయినా పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టిన డబ్బా ఏది చేతికి వచ్చినా నా బొటనవేలు దానంతటదే అంచు మీద అతుకును వెతుక్కుంటుంది. అలాంటివాణ్ని కూడా ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర కొన్న వీడియో గేమ్ డబ్బా సులువుగా బోల్తా కొట్టించింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

మా మనవడి దగ్గర వాళ్ల అక్క ఆడి వదిలేసిన నింటెండో 3డీఎస్ ఉంది. 2011లో వచ్చిన, చేతిలో పట్టుకుని వీడియో గేములు ఆడుకునే యంత్రం అది. 2020లో దాని తయారీ ఆపేశారు. 2023 మార్చిలో దాని ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు కూడా ఆగిపోయాయి. ఇక కొత్తగా ఆట కావాలంటే, ఆటను నింపి అమ్మిన చిన్న కార్డు ఎక్కడైనా మిగిలిపోయినది దొరకాలి, లేదా ఎవరో వాడినది కొనుక్కోవాలి. వాడు ఎన్నాళ్లుగానో అడుగుతున్న ఆట ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో కనిపించింది. వాడిన కార్డును తక్కువకు ఇస్తామన్నవారు నలుగురున్నారు. పుట్టినరోజు కానుక కదా, ఒకరి ఎంగిలి ఎందుకని, ‘సరికొత్తది, సీలు తీయనిది’ అని రాసుకున్న ఐదో విక్రేత దగ్గర దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాను.

డబ్బా రాగానే అలవాటు ప్రకారం తడిమి చూశాను. ప్లాస్టిక్ చుట్టడంలో ప్రధానంగా రెండు పద్ధతులు. కేసెట్లకు మేము వాడినది మడత చుట్టు. యంత్రం ఫిల్మును కొలిచి కోసి, డబ్బా చుట్టూ తిప్పి, పక్క అంచు మీద ఒక అతుకు వేసి, రెండు కొసల్లోనూ పొట్లం కట్టినట్టు మడతలు వేసి వేడితో అంటిస్తుంది. లాగి చింపుకోవడానికి సన్నటి పట్టీ కూడా వేస్తుంది. అలాంటి యంత్రాన్ని ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. రెండోది ముడుచుకునే ఫిల్ము. సంచిలాంటి పొరలో డబ్బాను దూర్చి, మూతి అంటించి, వేడిగాలి తగిలిస్తే చాలు, పొర ముడుచుకుని ఒంటికి పట్టేస్తుంది. దీనికి బల్ల మీద పట్టేంత సీలింగ్ యంత్రం, ఒక హీట్ గన్ ఉంటే సరి. ఓపిక ఉన్నవారు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతోనే పని కానిచ్చేస్తారు.

నాకు వచ్చింది రెండో రకం. మూలల్లో చిన్న చెవులు, వెనకవైపు గాలి పోవడానికి సూదిమొనంత రంధ్రాలు. అనుమానం రాకపోలేదు. కానీ ఆటల కంపెనీలన్నీ అన్ని చోట్లా ఒకే రకం చుట్టు వేయవు. కర్మాగారంలోనూ ముడుచుకునే ఫిల్ము వాడవచ్చు. రంధ్రాలు కనిపించినంత మాత్రాన దొంగ సీలు అనేయడం అన్యాయమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసి ఉండవలసింది.

పుట్టినరోజున మనవడు పొర చింపి, కార్డు యంత్రంలో పెట్టాడు. తెర మీద ‘కొనసాగించు’ అని వచ్చింది. కొత్త ఆటలో కొనసాగించడానికి ఏముంటుంది? అప్పుడు తెలిసింది నాకు, ఆ యంత్రానికి వచ్చిన కార్డుల్లో చాలావాటిలో ఎంతవరకు ఆడామన్న లెక్క కార్డులోనే భద్రమై ఉంటుందని. అందులో ఎవరో పిల్లవాడు పెట్టుకున్న పేరు ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. దాని కింద ఆడిన సమయం: 87 గంటల 14 నిమిషాలు.

మూడు బటన్లు కలిపి నొక్కితే పాతది చెరిగిపోతుందని వాళ్ల అక్క చెప్పింది. వాడు నొక్కలేదు. “ఇంతసేపు ఆడింది ఎలా చెరిపేస్తాం తాతయ్యా? ఇది మన దగ్గరుందని వాళ్లకు తెలుసా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చెత్తబుట్టలోంచి పొరను ఏరి, డబ్బా పక్కన పెట్టి, ఈసారి కళ్లద్దాలతో చూశాను. డబ్బా కుడి మూలన గోరంత మేర జిగురు. ఎప్పుడో అంటించి పీకేసిన ధర చీటీ తాలూకుది. పొర లోపలి వైపున సరిగ్గా అదే చోట దాని మచ్చ. కర్మాగారంలో సీలు పడి వచ్చిన డబ్బాకు ధర చీటీ పొర పైన అంటుకుంటుంది గానీ పొర కిందికి ఎలా చేరుతుంది?

ఫిర్యాదు చేస్తే రెండే మాటల్లో జవాబు వచ్చింది: సీలు విప్పిన ఆటలు వాపసు తీసుకోరట. ఈ నిబంధన ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. వారం రోజులు ఆడుకుని, మనసు తీరాక తిరిగి పంపేవారు ఉంటారు. ఆ బాధ విక్రేతది, కాదనను. కానీ సీలు ఎవరు వేశారన్నదే తగాదా అయినప్పుడు ఆ సీలునే సాక్ష్యంగా చూపడం ఎలుకకు పిల్లి సాక్ష్యం చెప్పడం లాంటిది. లోపల వాడిన సరుకు ఉందని తెలియాలంటే పొర చింపాలి. చింపిన మరుక్షణం అడిగే హక్కు పోతుంది. ఇంతకంటే భద్రమైన దొంగతనం ఉంటుందా?

మాకు దొరికిన సాక్ష్యం కూడా అందరికీ దొరకదు. అదే నింటెండో నుంచి 2017లో వచ్చిన స్విచ్ అనే ఆటల యంత్రంలో ఆట లెక్క యంత్రంలోనే ఉండిపోతుంది, కార్డులోకి రాదు. డిస్కు మీద వచ్చే ఆట అయితే గీతలు లేకుండా జాగ్రత్తగా వాడితే చాలు, వాడినదని తెలియదు. అదనపు భాగాల కోసం డబ్బాలో పెట్టే కోడ్ చీటీ ఉంటే, అది ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి దానితో గుట్టు బయటపడవచ్చు. నష్టం డబ్బుతోనే ఆగడం లేదు కూడా. స్విచ్ కార్డు ప్రతిదానికీ తనదంటూ ఒక డిజిటల్ గుర్తింపు ఉంటుంది. మొదటి యజమాని దాన్ని నకలు తీసి వాడుకుంటూ అసలు కార్డును అమ్మేస్తే, ఒకే గుర్తింపు రెండు చోట్ల కనిపించి, కొన్నవారి యంత్రానికి ఆన్‌లైన్ సేవలు నిలిచిపోయే ప్రమాదం ఉంది. 2025లో స్విచ్ 2 వచ్చాక ఇలాంటి ఉదంతాలు బయటపడ్డాయి. వాడిన కార్డని తెలిసి కొన్నవారు ఆ సాహసం తెలిసే చేస్తారు. కొత్తదనుకుని కొన్నవారికి ఆ అవకాశమైనా లేదు.

వాడిన ఆటలు అమ్మడం మీద నాకు ఏ కోపమూ లేదు. ఎంగిలి అన్నాను గానీ, ఆ నలుగురిలో ఒకరి దగ్గర కొని ఉంటే సగం డబ్బు మిగిలేది, ఆ 87 గంటలు చూసి నవ్వుకునేవాళ్లం. దుమ్ము పడకుండా మళ్లీ పొర చుట్టడం కూడా తప్పు కాదు, ‘మళ్లీ చుట్టినది’ అని రాస్తే. 2021లో సీలు విప్పని సూపర్ మారియో 64 డబ్బా ఒకటి అమెరికాలో వేలానికి వచ్చి, అప్పటికి ఏ వీడియో గేమూ పలకనంత ధర పలికింది. 1996 నాటి ఆట అది. కొన్నవారు ఆడుకోవడానికి కొని ఉంటారని నేననుకోను. పొరకు అంత విలువ కట్టే లోకంలో పొర చుట్టేవారు పుట్టుకు రావడంలో వింత ఏముంది?

నాకు అమ్మిన విక్రేతే మోసగాడని కూడా ఖాయంగా చెప్పలేను. ఎవరో కొని, ఆడి, పొర చుట్టి వాపసు పంపితే, గిడ్డంగిలో చూడకుండా మళ్లీ ‘కొత్త’ అరలో పెట్టి ఉండవచ్చు. అదే నిజమైతే తప్పు అంగడి నడిపేవారిది. ఒకసారి గడప దాటి తిరిగి వచ్చిన ఆట, సీలుతో వచ్చినా సరే, ‘కొత్తది’ అనే పేరుతో మళ్లీ అమ్మకానికి వెళ్లకూడదు. సీలు మీద తగాదా వస్తే, విప్పారన్న కారణంతో ఫిర్యాదును తోసిపుచ్చకుండా పొరను, డబ్బాను తెప్పించుకుని చూడాలి. చూడటం తెలిసినవారికి అది ఐదు నిమిషాల పని.

మనవడు ఆ కార్డును ఇంకా చెరపలేదు. పొరను నేను ఒక కవరులో దాచాను, జిగురు మచ్చ చుట్టూ సిరాతో సున్నా గీసి. దాని ఫోటో విక్రేతకు పంపి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్యాకింగ్ సూపర్‌వైజర్