పిన్ని ఎత్తిన ఫోను

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని ఈపాటికి నాకు కర్మకాండ కూడా చేసేసి ఉంటావు. క్షమించు. మీ చెల్లెలి బదిలీ ఆగింది, పెద్దాడు పదో తరగతిలోకొచ్చాడు, ఆటోనగర్‌లో షాపు ఎప్పటిలాగే ఈగలు తోలుకుంటోంది. క్షేమ సమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

మా రత్తమ్మ పిన్నికి యాక్సిడెంటయింది. కంగారుపడకు, ప్రాణానికి ఢోకా లేదు. కుడికాలు మోకాలి కింద విరిగితే ప్లేటు వేసి స్క్రూలు బిగించారు.

పొద్దున్నే బీఆర్‌టీఎస్ రోడ్డు పక్కన పిన్ని టిఫిన్ బండి దగ్గర ఉన్నాను. ఉల్లి తక్కువ, అల్లం ఎక్కువ (ఎవరి ఆర్డరో గుర్తొచ్చిందా?), రెండో పెసరట్టు మీదున్నాను. సందు మలుపులోంచి వాటర్ క్యాన్ల ట్రాలీ ఆటో వచ్చింది. డ్రైవరు మెడ ఒక పక్కకి వాల్చి, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపట్టుకుని తోలుతున్నాడు. మన ఇంగువ మాస్టారు నిద్రలో మెడ వాల్చేవారే, అచ్చం అలాగే. అరిచాను. వినిపిస్తేనా! బండినీ, పక్కన ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ పిన్నినీ కలిపి గుద్దేశాడు.

పెనం బోర్లాపడింది. క్యాన్లు రోడ్డంతా దొర్లాయి. వాడి ఫోను ఎగిరొచ్చి పిన్ని పక్కన కొబ్బరి పచ్చడిలో పడింది. స్పీకరు ఆన్‌లో ఉందేమో, అందులోంచి ఆడగొంతు. "ఏమయ్యా, వింటున్నావా? గ్యాస్ వాడు గుమ్మంలో ఉన్నాడు. డబ్బులెక్కడ పెట్టావు?"

పిన్ని రోడ్డు మీద పడి ఉంది. కాలు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం ఫోను తీసుకుని, పచ్చడి చీర కుచ్చెళ్ళకి తుడిచి, ఏమందో తెలుసా? "అమ్మాయ్, మీ ఆయనకేం కాలేదు. నన్ను గుద్దాడు, నా కాలు విరిగినట్టుంది. ఆ గ్యాస్ వాణ్ణి కాసేపు ఆగమను."

చుట్టూ జనం నవ్వారు. నేనూ నవ్వానురా, ఏడుస్తూనే. 108 వచ్చేలోపు ఆ ఫోన్లోంచి "అయ్యో అయ్యో" అని వినిపిస్తూనే ఉంది.

ఆస్పత్రిలో ముందు డిపాజిట్ కట్టమన్నారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ళకి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఒకటుందట. కౌంటర్లో ఒక్కడూ నోరు విప్పలేదు. దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది, వదిలెయ్.

మర్నాడు ఆటో ఓనరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో స్టాంపు పేపరు. ముప్ఫై వేలిస్తాను, రాజీ చేసుకుందాం అన్నాడు. పిన్ని ససేమిరా అంది. మా పిన్ని సంగతి నీకు తెలుసుగా, అణాకి అణా లెక్క. అంతలో డ్రైవరు పెళ్ళాం వచ్చింది, చంకలో పిల్లాడు, చేతిలో క్యారియరు. "నేనే ఫోన్ చేశాను పిన్నిగారూ, నా వల్లే" అని మంచం కోడు పట్టుకుని ఒకటే ఏడుపు. అంతే, మా అణా లెక్కల మనిషి కరిగిపోయి పెన్ను ఇమ్మంది!

మీ చెల్లెలు ఆ కాగితం లాక్కుని గట్టిగా చదివింది. "నేను హఠాత్తుగా రోడ్డుకి అడ్డం వచ్చినందువల్ల..." అని ఉంది రా అందులో. ఫుట్‌పాత్ పక్కన నిలబడ్డ మనిషి! వార్డంతా నిశ్శబ్దం. ఓనరు చొక్కా సర్దుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, నాకంటే ముందు పక్క మంచం ముసలాయన అందుకున్నాడు. ఆ తిట్లు రాయలేను, పిల్లలు చదువుతారు.

తర్వాత లాయరమ్మగారిని కలిశాం. ఫీజు లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళెవరికైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఆవిడ ఫైలు తెరవకముందే పిన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ డబ్బు ఆ పిల్ల మొగుడే కట్టాలా?"

కాదట. తప్పు డ్రైవరుది, ఆ తప్పుకి జవాబుదారీ ఓనరుది కూడా. డబ్బు కట్టేది మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీ. బండి వల్ల దెబ్బతిన్న బయటివాళ్ళ కోసం కట్టే థర్డ్ పార్టీ పాలసీ ఉండాలన్న రూలు ఉన్నదే ఇందుకు. లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ అని లేదని కంపెనీ మెలిక పెడుతుందేమో అని నా భయం. మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సుతో ఏడున్నర టన్నుల్లోపు రవాణా బండి తోలొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసిందట. పిన్ని ముఖం చూడాలి నువ్వు! "అయితే వెయ్యండి కేసు" అంది.

పోలీసు కేసు వేరు, ఇది వేరు. నిర్లక్ష్యంగా తోలి ఎముక విరగ్గొట్టాడని భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్ల కింద అక్కడ నడుస్తుంది. చేత్తో పట్టుకునే ఫోను వాడుతూ తోలడం మోటారు వాహనాల చట్టం 184 కింద ప్రమాదకరమైన డ్రైవింగే. పరిహారం మాత్రం 166 కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో అడగాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం ఆరు నెలల్లోపు వేయాలి. తప్పెవరిదని అడక్కుండా తీవ్రగాయానికి రెండున్నర లక్షలిచ్చే 164 కూడా ఉంది. ఆ డబ్బు పుచ్చుకుంటే 166 కేసు అక్కడితో సరి. మాకు రుజువు ఉంది కాబట్టి అటు వెళ్ళొద్దన్నారు లాయరమ్మగారు.

రుజువంటే... ఎఫ్ఐఆర్‌లో ఫోను ఊసే లేదురా! "అతివేగం, అజాగ్రత్త" అని రాసుకున్నారంతే. నేను వెళ్ళి వాంగ్మూలం ఇచ్చాను. పక్క కిళ్ళీకొట్టు కెమెరాలో పాత రికార్డింగు చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మెడ వాల్చుకున్నది స్పష్టంగా ఉంది. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదట ఇక్కడ, అలా జరిగి ఉంటుందనడానికే ఎక్కువ ఆధారం ఉంటే చాలు.

ఇక లెక్క. ఏడాది సంపాదన, అందులో కాలు వల్ల పోయిన వాటా, దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు. ఆ అంకెల పట్టిక 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పిన్ని అందరికీ చెప్పే వయసు 42 కదా, దానికి 14. ఆధార్ కార్డులో 47 ఉంది, దానికి 13! లాయరమ్మగారు కార్డు చూసి పిన్ని వంక చూశారు. పిన్ని ఫ్యాను వంక చూసింది.

కాలు ఎంత శాతం పోయిందని డాక్టరు రాసేదొకటి, పని ఎంత పోయిందన్నది ఇంకొకటి అట. ఎడమ చెయ్యి పోతే గుమాస్తాకి ఉద్యోగం ఉంటుంది, వడ్రంగికి బతుకే పోతుంది అని 2011 తీర్పులో ఉంది. రోజంతా పెనం ముందు నిలబడే మనిషికి కాలంటే ఏమిటో కోర్టుకి అలా చెప్పాలి. పిన్ని అప్పటిదాకా నవ్వుతూనే ఉందిరా. ఆ మాట విని, "ఇక నిలబడలేనా?" అంది. నాకు నోరు పెగల్లేదు.

సంపాదనకి కాగితాలు ఏమున్నాయి అంటే, కూరగాయలమ్మే ఒకాయన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఏ కాగితం లేకపోయినా నెలకి 6,500 ఒప్పుకుంది. అయినా ఉన్నవన్నీ తెమ్మన్నారు. వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోను పాసుబుక్కు, పిండిమర చీటీలు, ఇంకా, జాగ్రత్తగా విను, బాకీల పుస్తకం. అందులో ఐదో పేజీలో "శీను, పెసరట్లు" అని నీ పద్దు కొట్టెయ్యకుండా అలాగే ఉంది నాయనా. కంపెనీ లాయరు నిన్ను సాక్షిగా పిలిస్తే ఏం చెబుతావో ఇప్పుడే ఆలోచించుకో.

ఆ డ్రైవరు పెళ్ళాం మొన్న మళ్ళీ వచ్చింది. అడక్కుండానే, ఫోన్లో మాట్లాడుతున్నాడని నేను చెప్తాను అంది. మొగుడి మీద పోలీసు కేసు ఉందిగా, మరి ఇంట్లో ఆ పిల్ల పరిస్థితి ఎలా... సరే, అది తర్వాత.

మీ చెల్లెలు స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొడుతోంది. గాయాల సర్టిఫికెట్టు జిరాక్సులు లాయరమ్మగారికి ఐదింటికల్లా ఇవ్వాలి. ఓనరు రెండోసారి వచ్చి ఏమన్నాడో రాయనేలేదు, అది ఇంకా

వస్తున్నానే! ఉంటా రా.

నీ
రాంబాబు