వార్షిక నివేదిక 2024–25: హైదరాబాద్ స్క్వాడ్రన్ మృతుల, గల్లంతైనవారి జాబితా

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని దాదాపు అంతా 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరుపడిన 110వ స్క్వాడ్రన్ జాబితా మీదే సాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చిన డీహెచ్‌9ఏ బాంబర్లతో 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని బెతోంకూర్ నుంచి రంగంలోకి దిగిన బ్రిటిష్ వైమానిక దళమిది. యుద్ధం ముగిసేలోపు 17 విమానాలు గల్లంతయ్యాయి, మరో 28 ప్రమాదాల్లో ధ్వంసమయ్యాయి. ఆ 17లో 15 మూడు రోజుల్లోనే పోయాయి: సెప్టెంబర్ 25న 4, అక్టోబర్ 5న 4, అక్టోబర్ 21న 7.

అక్టోబర్ 21న మనం పెట్టిన ప్రదర్శనకు హాలు నిండింది. సంఘానికి ఇంత పేరు తెచ్చిన కార్యక్రమం ఇటీవల మరొకటి లేదు. 1918లో అదే తేదీన, ఒక్క రోజులో ఏడు విమానాలు ఎందుకు పోయాయని అందరూ అడిగారు. వరుస చెదరకుండా ఎగిరితే వెనక సీట్లలోని అబ్జర్వర్ల (పైలట్ వెనక కూర్చునే రెండో సిబ్బంది) లూయిస్ మెషిన్ గన్‌లు ఒకదానికొకటి కాపు కాస్తాయి. ఆ రోజు మబ్బుల్లో వరుస విడిపోయింది. ఒంటరిగా మిగిలిన బాంబర్ ఫైటర్లకు సులువుగా దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి ఎదురు. లిబర్టీ ఇంజిన్‌ను చల్లబరిచేది నీళ్లే కాబట్టి రేడియేటర్‌కు తూటా తగిలితే కాసేపటికే ఇంజిన్ పట్టేస్తుంది, జర్మన్ల వైపే దిగాలి. నిప్పంటుకుంటే దూకడానికి పారాచూట్ లేదు. బ్రిటిష్ విమాన సిబ్బందికి యుద్ధం చివరిదాకా ఇవ్వనేలేదు.

ఇలా శత్రువుల వైపు దిగినవారూ ఉన్నారు కాబట్టి 'గల్లంతు' అంటే మరణమే అని కాదు. ఎఫ్1010 విమానం, 'హైదరాబాద్ నం. 12ఏ', అక్టోబర్ 5న శత్రువుల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. బెర్లిన్, పోలండ్ తిరిగి ఆ విమానం ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. గల్లంతైనవారిని మృతుల్లో కలిపే పాత పద్ధతిలో ఆ ఇద్దరినీ మనమే చంపేసినట్టవుతుంది!

పరిశీలించేవారు ముందుగా విమానం నంబరు రాసి, దాని కింద పైలట్‌నూ అబ్జర్వర్‌నూ విడివిడిగా రాయాలి. తర్వాత అధికారుల క్యాజువల్టీ కార్డు (మృతి, గాయం, గల్లంతు వివరాలు నమోదు చేసిన కార్డు) చూడాలి. అందులోని తేదీ కొన్నిసార్లు ఘటన జరిగినది కాదు, సమాచారం అందినది. ఆపైన యుద్ధ మృతుల సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రిజిస్టరు. అక్కడ సమాధీ, స్మారక ఫలకం మీద పేరూ లేకపోతే ఖైదు నుంచి ఎప్పుడు తిరిగొచ్చారో వెతకాలి. సార్జెంట్ హోదాలోని అబ్జర్వర్లు అధికారులు కారు కాబట్టి అధికారుల కార్డుల్లో దొరకరు. ఎక్కువగా జారిపోయే పేర్లు వీళ్లవే.

ఈ పనికి పేర్లిచ్చినవారిలో సగం మంది రాలేదు. ఆదివారాలు వచ్చిన కొద్దిమందే బరువంతా మోశారు. వారికి, హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, ప్రదర్శన ఫలకాలు రాసిన విద్యార్థులకు, టీ ఏర్పాట్లు చూసిన మహిళా సభ్యులకు కార్యవర్గం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. నిజాం విరాళం ఫైళ్ల కోసం ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఎన్ని ఉత్తరాలు రాసినా అందినట్టు ముక్క కూడా రాలేదు. ఇది చాలా బాధాకరం.

జమాఖర్చుల పట్టీని ఆడిటర్ ఆమోదించారు, ప్రతి జతచేశాం. ఆమోదించ ప్రార్థన.

సార్జెంట్ల పేర్లు సరిచూడనిదే జాబితా అచ్చుకు వెళ్లదు. ఈసారి తప్పకుండా రాగలిగినవారే సమావేశంలో కోశాధికారి వద్ద పేరు నమోదు చేసుకోవాలి.

కార్యదర్శి