దూరాన ఉన్నవారి ప్రశ్నను హాలులో ఎవరు చదవాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. బెంగళూరులో ఇటీవల రెండు రోజులపాటు జరిగిన ఒక విద్యా సాంకేతిక సదస్సు గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. హాలుకు వచ్చినవారికంటే ఆన్‌లైన్‌లో పాల్గొన్నవారే ఎక్కువమంది అని నిర్వాహకులు సంతోషంగా చెప్పినట్టు అందులో రాశారు. ఆ ఎక్కువమందిలో నేనూ ఒకణ్ణి. చెన్నైలో తెలుగు పిల్లలు చదువుకునే ఒక బడిలో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. ఆ శుక్ర, శనివారాలు రెండూ విల్లివాక్కంలోని మా ఇంటి ముందు గదిలో లాప్‌టాప్ ఎదుట కూర్చున్నవాణ్ణి కాబట్టి, ‘పాల్గొనడం’ అనే మాటకు అక్కడ ఏ అర్థం మిగిలిందో మీ పాఠకులకు చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంటి నుంచి పాల్గొనే వీలు లేకపోతే నేను ఆ సదస్సు ముఖం చూసి ఉండేవాణ్ణి కాను. చెన్నై నుంచి బెంగళూరు రైలు దారిలో సుమారు 360 కిలోమీటర్లు. తెల్లవారుజామున సెంట్రల్‌లో బండి ఎక్కితే పదకొండు లోపే దిగిపోవచ్చు. దూరం పెద్ద సమస్య కాదు. అయితే రానుపోను ఛార్జీలు, రెండు రాత్రుల బస, హాలులో కూర్చునేవారికి పెట్టిన రుసుము, ఇవన్నీ కలిపి లెక్క వేసుకుంటే, ప్రభుత్వ గ్రాంటు లేని పోస్టులో యాజమాన్యం ఇచ్చే జీతంతో నెట్టుకొస్తున్న నాబోటివాడికి అది తలకు మించిన ఖర్చు. ఆన్‌లైన్ రుసుము హాలు రుసుములో సగమే. ఆ సగం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ సగానికి ఏమి దక్కిందన్నదే నా ప్రశ్న.

మొదటి రోజు ప్రారంభోపన్యాసం చేసిన పెద్దమనిషి పది నిమిషాలు కాగానే మైకు వదిలి తెల్లబోర్డు దగ్గరకు నడిచి వెళ్ళారు. కెమెరా ఆయన వెంట వెళ్ళలేదు. మిగిలిన అరగంటా మేము చూసింది ఒక ఖాళీ బల్ల, దాని మీద ఒక గులాబీల గుత్తి, పక్కన సగం తాగిన నీళ్ళ సీసా. మాట మాత్రం ఏదో బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ప్రశ్నల వేళ వచ్చేసరికి పరిస్థితి ఇంకా విచిత్రంగా తయారైంది. అడిగేవారి చేతికి మైకు ఇవ్వకపోవడంతో మాకు జవాబులే వినపడ్డాయి. ‘అవును, మా బడుల్లోనూ సరిగ్గా అదే జరిగింది, మీరన్నట్టు రెండో దారే మేలు’ అని ఆయన చెప్పారు. ఏమి జరిగిందో, మొదటి దారి ఏమిటో ఆ హాలులో ఉన్నవారికే తెలియాలి. మధ్యాహ్నం భోజనాలకు లేచినప్పుడు ప్రసారం ఆపడం మరిచిపోయారు. గంటన్నర సేపు ఒక కుర్రవాడు వరుసల మధ్య ఊడుస్తూ సీసాలు ఏరుకోవడం స్పష్టంగా కనిపించింది. నిజం చెప్పాలంటే రెండు రోజుల్లోనూ బొమ్మా శబ్దమూ సరిగ్గా కుదిరిన ఘట్టం అదొక్కటే.

వ్యవహారం అంతటితో పోయి ఉంటే, కలిసి పనిచేసేవారితో చెప్పుకొని నవ్వుకొని ఊరుకునేవాణ్ణి. రెండో రోజు ఉదయం జరిగినది నవ్వుకునే విషయం కాదు.

ఆ పూట సమావేశం ప్రాథమిక తరగతుల్లో మాతృభాష, సాంకేతికత అనే అంశం మీద. సత్యవేడు మండలంలోని ఒక పల్లె బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయురాలు ఒకరు చాట్‌లో తెలుగు లిపిలో ఒక ప్రశ్న పెట్టారు. చక్కని ప్రశ్న, దాన్ని ఈ ఉత్తరం చివర యథాతథంగా ఇస్తాను. పది నిమిషాలు గడిచాక ఆవిడ దాన్నే మళ్ళీ పెట్టారు. చివరకు అధ్యక్షస్థానంలో ఉన్నవారు తెర వైపు ఒకసారి చూసి, ‘కొన్ని ప్రశ్నలు ప్రాంతీయ భాషల్లో ఉన్నాయి, దయచేసి ఇంగ్లీషులో పంపండి’ అని చెప్పి హాలులో చెయ్యెత్తినవారి వైపు తిరిగారు. అంతకు పావుగంట ముందే అదే వేదిక మీద యంత్రానువాదం గురించి ఒకరు ఘనంగా ప్రసంగించారు. మా చెన్నై ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ అనువాద నమూనాను 2023లోనే విడుదల చేసిందనీ, కేంద్ర ప్రభుత్వపు అనువాద వేదిక భాషిణి 2022 నుంచి ఉందనీ ఆ ప్రసంగంలో విన్నాం. అవన్నీ నిజాలే, గర్వించదగినవే. కాని ఆ ఉదయం వాటితో కూడా పని లేదు. బెంగళూరు నడిబొడ్డున అంతమంది కూర్చున్న హాలులో ‘ఇక్కడ తెలుగు చదవగలిగినవారు ఎవరైనా ఉన్నారా?’ అని ఒక్కసారి అడిగి ఉంటే కనీసం పది చేతులు లేచేవి.

ఉండబట్టలేక ఆవిడ ప్రశ్నను నేనే ఇంగ్లీషులోకి మార్చి చాట్‌లో పెట్టాను. అప్పటికి ‘ఇంకెవరైనా అడుగుతారా?’ అన్న పిలుపు వచ్చి వెళ్ళిపోయింది. ఇక్కడ ఒక సాంకేతిక కిటుకు ఉంది. పత్రం సమర్పించేవారిని వారి వంతు వచ్చినప్పుడు మాత్రం అసలు ఆన్‌లైన్ సమావేశంలోకి తీసుకొని, తక్కిన వేళల్లో అందరికీ ప్రత్యక్ష ప్రసారం లింకే ఇచ్చారు. అలాంటి ప్రసారంలో హాలులో పలికిన మాట మన చెవిన పడేసరికి ఏర్పాటును బట్టి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యమవుతుంది. ప్రశ్నలు అడగమని పిలిచి, రెండు గుక్కల ఊపిరి తీసుకొని, ‘లేవు కాబట్టి ముగిద్దాం’ అనేసరికి మాకు ఆ పిలుపే అందదు. ప్రశ్న లేక కాదు, మాకు ఇంకా పిలుపు రాక. ఈ సంగతి తెలిసిన అధ్యక్షులు ఒక నిమిషం ఊరికే ఆగుతారు. ఆ నిశ్శబ్దం హాలులో కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది కాని మాకు అదే ద్వారం.

ఆ రాత్రి ఆవిడతో ఫోనులో మాట్లాడాను. ఇంగ్లీషులో పంపమన్న మాట ఆవిడ వినలేదట. ఆవిడది రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్. స్పష్టమైన బొమ్మతో గంట సేపు వీడియో చూస్తే సుమారు ఒక జీబీ అయిపోతుంది కాబట్టి, ప్రశ్న రెండోసారి పెట్టిన కాసేపటికే డేటా నిండుకొని తెర మీద చక్రం తిరగడం మొదలైందట. ‘నా ప్రశ్న చదివారా, సార్?’ అని అడిగితే నాకు ఏమి చెప్పాలో తోచలేదు. మాట మాత్రమే వినిపించే ప్రసారం ఒకటి పక్కన నడిపి ఉంటే, బొమ్మకయ్యే డేటాలో పదో వంతు కూడా ఖర్చవకుండా సాయంత్రం దాకా ఆవిడ సదస్సులో ఉండగలిగేవారు.

ఆ సదస్సులో ఇంటి నుంచే నేనూ ఒక పత్రం సమర్పించాను, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లలు కూడికలు, భాగహారాలు బాగానే చేసి, మాటల్లో ఇచ్చిన లెక్క దగ్గర తడబడతారు. అందుకని ఆ లెక్కను రెండు నిమిషాల తెలుగు ఆడియోగా వాట్సాప్‌లో పంపి, చేయబోయే ముందు పిల్లవాడు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి పంపేటట్టు చేస్తున్నాను. దాని మీదే నా పత్రం. నాకిచ్చినవి పన్నెండు నిమిషాలు. ‘వినిపిస్తోందా?’ అని అటూ ఇటూ అడగడంలో నాలుగు పోయాయి. హాలులోని లాప్‌టాప్ మ్యూట్ తీయగానే నా గొంతే నాకు రెండింతలై తిరిగి వచ్చింది. ముగించగానే సమయం మించిందనీ, ప్రశ్నలుంటే నాకు ఈమెయిల్ చేయమనీ ప్రకటించారు. ఇంతవరకు ఒక్క ఈమెయిలూ రాలేదు. నాకు ముందు హాలులో మాట్లాడిన ముగ్గురికీ తలా ఐదు నిమిషాల ప్రశ్నోత్తరాలు జరిగాయి.

ఈ తప్పులేవీ కోట్లు పెట్టి దిద్దవలసినవి కావు. హాలులో మైకులన్నీ చేరే మిక్సర్ నుంచి ఒక తీగ లాగి ప్రసారం చేసే లాప్‌టాప్‌కు తగిలిస్తే బావిలోంచి వచ్చే గొంతు పోతుంది. దూరం నుంచి వచ్చే గొంతును మళ్ళీ దూరానికే పంపకుండా ఆ మిక్సర్‌లోనే సర్దితే ప్రతిధ్వని పోతుంది. పెళ్ళిపందిళ్ళలో మైకుసెట్టు పెట్టే కుర్రవాళ్ళకు ఇది కొట్టిన పిండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక మనిషి. చాట్ చూడడం, దూరాన ఉన్నవారి ప్రశ్నను లేచి నిలబడి గట్టిగా చదవడం తప్ప మరో పని పెట్టని మనిషి ఒకరు ముందు వరుసలో ఉండాలి. ఆ బాధ్యతను అధ్యక్షులకే అప్పగిస్తే, ఆయన గడియారం చూసుకోవాలా, వక్తను చూసుకోవాలా, తెర చూసుకోవాలా?

మన దగ్గర ఇది కొత్తగా తలెత్తిన చిక్కు కూడా కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ పేరుతో జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు పాఠాలు చేరాయి; అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలు, కర్ణాటక పల్లెలు కూడా ఉన్నాయి, తెలుగులో కార్యక్రమాలూ వచ్చాయి. కాని అప్పుడు పల్లెవాళ్ళు చూడగలరు, పలకలేరు. ఆ లోటు తీర్చాలనే ఆలోచనతో 2004 సెప్టెంబరు 20న, మాకు దగ్గర్లోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ అనే విద్యా ఉపగ్రహాన్ని పంపారు. దాని వ్యవస్థలో పాఠం అందుకోవడానికి మాత్రమే పనికివచ్చే కేంద్రాలు వేరు, తిరిగి ప్రశ్న అడగగలిగే కేంద్రాలు వేరు. తొలి ప్రయోగ దశలో చేరిన సంస్థల్లో కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకటి. అంటే వినేవారికీ అడిగేవారికీ ఉన్న తేడాను ఆ రాష్ట్రంలోనే ఇరవై ఏళ్ళ కిందట గుర్తించి, దానికి తగిన పరికరాలు కూడా బిగించారు. ఇప్పుడు ప్రతి ఫోనూ అడగగలిగే కేంద్రమే అయినా, సదస్సు మాత్రం మమ్మల్ని అందుకునే కేంద్రాలుగానే కూర్చోబెట్టింది. దూరవిద్య తెలుగువారికి తెలియనిదీ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. ఇదే మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఎక్కడో ఉన్న బెనారస్ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. దూరాన కూర్చుని రాసిన జవాబు కాగితాన్ని అటువైపు ఎవరో ఒకరు తప్పకుండా దిద్దుతారన్న నమ్మకం మీదనే అవన్నీ నడిచాయి.

మా వైపు తప్పులు లేవని నేను అనడం లేదు. నన్నెవరూ చూడరు కదా అని, ఆ రెండు రోజుల్లో నేను తొమ్మిదో తరగతి త్రైమాసిక పరీక్ష పేపర్లు ఒక కట్ట దిద్దాను, ఒక పూట చిక్కుడుకాయలు కూడా ఒలిచాను. సర్టిఫికెట్ కోసం పేరు తగిలించి మాయమైనవారు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. కాఫీ కప్పుతో నిలబడి మాట్లాడుకునే ఆ పది నిమిషాలు మాకు ఎన్నటికీ దక్కవు, వాటిని అడగడమూ అత్యాశే. నిర్వాహకుల్లో చాలామంది జీతం లేకుండా పనిచేసినవారని కూడా విన్నాను. కాని రుసుము పుచ్చుకొని, నమోదు పత్రంలో ‘పాల్గొనేవారు’ అనే గడిలో మా పేర్లు రాసుకున్నాక, మా ప్రశ్నను హాలులో చదివి వినిపించడం దయాధర్మం కిందికి రాదు.

మీ విలేకరులకు నాదొక మనవి. ఇకమీదట ఇలాంటి సదస్సుల వార్త రాసేటప్పుడు ఆన్‌లైన్‌లో ఎంతమంది చేరారని అడిగినట్టే, వారి నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, అందులో ఎన్ని హాలులో చదివారు అని కూడా నిర్వాహకులను అడగండి. ఆ రెండు అంకెలు పత్రికలో పడతాయని తెలిస్తే, మరుసటి ఏడాదికి ముందు వరుసలో ఆ మనిషి కోసం ఒక కుర్చీ తనంతట తానే వస్తుంది.

ఇక ఆ ఉపాధ్యాయురాలి ప్రశ్న. ఆవిడ అనుమతితో, ఆవిడ రాసినట్టుగానే ఇస్తున్నాను: ‘మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఫోను ఒక్కటే. నాన్న పొద్దున పనికి తీసుకొని పోయి రాత్రి ఎనిమిదింటికి తెస్తాడు. రెండో తరగతి పిల్ల ఎనిమిదిన్నరకు నిద్రపోతుంది, అక్క ఐదో తరగతి, ఆమెకూ అదే ఫోను కావాలి. ఆ అరగంటలో ఇద్దరికీ పనికొచ్చేటట్టు పాఠం ఎంత నిడివిలో, ఎట్లా పంపాలి? ఎవరైనా చేసి చూశారా?’ చేసి చూసినవారు మీ పాఠకుల్లో తప్పక ఉంటారు. వారి జవాబులను మీరు ప్రచురిస్తే ఆ పేజీ కత్తిరించి సత్యవేడుకు నేనే పంపుతాను.

భవదీయుడు,
ఒక లెక్కల ఉపాధ్యాయుడు,
విల్లివాక్కం, చెన్నై